బెర్లిన్ నుంచి కలకత్తాకి మూడు డబ్బాలు

మనాలి నుంచి లేహ్ వెళ్ళే దారిలో, చంద్ర, భాగ నదులు కలిసే చోట తాండి అని చిన్న ఊరుంది. అక్కడో పెట్రోలు బంకు. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల అవతల అని చెప్పే బోర్డు ఆ బంకు దగ్గర ఏళ్ళ తరబడి ఉండేది. లడఖ్ వెళ్ళొచ్చిన ప్రతి సాఫ్ట్‌వేర్ బ్యాచ్ ఆల్బంలోనూ ఆ బోర్డు ముందు నిలబడి దిగిన ఫొటో ఒకటి ఉండి తీరుతుంది. తిరుపతి వెళ్ళి గుండు ఫొటో లేకుండా వచ్చేవాళ్ళుంటారేమో గానీ తాండి వెళ్ళి బోర్డు ఫొటో లేకుండా వచ్చినవాణ్ణి నేనింకా చూళ్ళేదు. అమెరికాలో ఉన్నవాళ్ళకి దీనికి సమానమైనది అలాస్కాలో ఉంది. డాల్టన్ హైవే మీద కోల్డ్‌ఫుట్ దాటితే డెడ్‌హార్స్ దాకా 240 మైళ్ళు ఏమీ దొరకదు. పెట్రోలు కాదు కదా, టీ చుక్క కూడా.

ఆ ఫొటోల్లో మనుషుల్ని వదిలేసి, వెనకాల బైకు పక్కన కట్టిన ఆకుపచ్చ డబ్బాని ఓసారి చూడండి. పలకగా, నిలువుగా ఉంటుంది. పైన ఒకటి కాదు, మూడు పిడులు. రెండు పక్కలా ఇంటూ గుర్తులాంటి నొక్కు. జెర్రీ క్యాను. మనవాళ్ళు పామాయిల్ వచ్చే ప్లాస్టిక్ క్యానునీ, హాస్టల్లో మంచినీళ్ళు పట్టుకునే తెల్ల క్యానునీ కూడా ఇదే పేరుతో పిలిచేస్తారు గానీ అసలు సిసలైన జెర్రీ క్యాను మాత్రం ఈ రేకుదే. జెర్రీ అంటే టామ్ అండ్ జెర్రీలో జెర్రీ కాదు. బ్రిటిష్ సైనికులు జర్మన్లని పిలుచుకున్న పేరు అది. శత్రువు పేరు పెట్టుకున్న డబ్బాతో యుద్ధం గెలిచారన్నమాట. ఆ కథలో మన దేశానికి కూడా చిన్న పాత్ర ఉంది. అంతకంటే ముఖ్యంగా, ప్రాజెక్టుల్లో పనిచేసే నాబోటివాళ్ళకి చాలా పరిచయమైన మనుషులు కనిపిస్తారు అందులో.

స్పేర్ పెట్రోలు గొడవ కారుతో పాటే పుట్టింది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్, భర్త కార్ల్ బెంజ్‌కి మాట మాత్రమైనా చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని ఆయన చేసిన మూడు చక్రాల బండిలో మాన్‌హైం నుంచి ఫోర్జైంలో ఉన్న పుట్టింటికి బయల్దేరింది. దూరం నూరు కిలోమీటర్ల పైచిలుకు. ఆ బండికి పెట్రోలు ట్యాంకంటూ ఏమీ లేదు, కార్బురేటర్లో పట్టే నాలుగున్నర లీటర్లే ఆధారం. అది అడుగంటాక వీస్లోఖ్ అనే ఊళ్ళో మందుల షాపు దగ్గర ఆగి, బట్టల మీద మరకలు పోగొట్టడానికి అమ్మే లిగ్రోయిన్ కొని పోయించింది. ప్రపంచంలో మొట్టమొదటి పెట్రోలు బంకు ఒక మెడికల్ షాపు! అన్నట్టు, దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసింది కూడా ఆవిడే. ఆవిడ గురించి వేరే రాయాలి ఎప్పుడైనా.

జర్మనీలో ఊరూరా మందుల షాపు ఉంటుంది కాబట్టి సరిపోయింది. గోబీ ఎడారిలో ఉండదు కదా. 1907లో పెకింగ్ నుంచి పారిస్‌కి కార్ల పరుగు పెట్టినప్పుడు ఐదు బళ్ళు బయల్దేరాయి. వాళ్ళకి కావలసిన పెట్రోలు ముందే ఒంటెల మీద పంపించి దారిలో దింపి ఉంచారు. రేపు ఒంటెల కాలం చెల్లబోతోందని లోకానికి చాటడానికి వెళ్ళిన కార్లు, ఒంటెలు మోసుకొచ్చిన పెట్రోలు తాగితే గానీ కదల్లేదు. ఇటలీ రాకుమారుడు బోర్గీస్ తన ఇటాలా కారులో ఆగస్టు 10న పారిస్ చేరి గెలిచాడు. అందరికీ గుర్తుండేది ఆయనే. నాకు మాత్రం గుర్తుండేది ఓగుస్త్ పోన్స్. మూడు చక్రాల కోంతాల్ బండిలో వెళ్ళిన ఆయన గోబీలో పెట్రోలు అయిపోయి, నీళ్ళూ అయిపోయి చావు అంచులదాకా వెళ్ళాడు. అక్కడి జనం కాపాడితే బతికి బయటపడ్డాడు. బండి అక్కడే ఇసకలో ఉండిపోయింది.

సరే, ఆ రోజుల్లో పెట్రోలూ కిరసనాయిలూ ప్రపంచమంతా తిరిగింది దేంట్లో అనుకుంటున్నారు? పీపాలు కొంత, కానీ ఎక్కువగా పలక రేకు డబ్బాల్లో. అమెరికా కంపెనీలు ఐదు గాలన్ల రేకు డబ్బాలు రెండేసి చొప్పున చెక్కపెట్టెలో పెట్టి ఓడలకెక్కించేవి. అమెరికా గాలన్లో ఐదంటే దాదాపు 19 లీటర్లు. బ్రిటిష్ గాలన్లో నాలుగంటే 18 లీటర్ల పైన. కొంచెం అటూ ఇటుగా రెండూ ఒకే సైజు. ఆ డబ్బా మీకు తెలుసు. మీ అమ్మమ్మగారింట్లో చూసే ఉంటారు. కిరసనాయిలు డబ్బా అనండి, నూనె డబ్బా అనండి, అదే. కిరాణా కొట్లో పదిహేను కిలోల నూనె ఇప్పటికీ దాని అన్నదమ్ముల్లోనే వస్తుంది.

మన ఊళ్ళల్లో ఆ డబ్బా ఒక్కసారి వాడి పారేసే వస్తువు కాదు, ఎన్ని జన్మలెత్తేదో! పైరేకు కోయించి మూత పెట్టిస్తే బియ్యం డబ్బా. సంక్రాంతికి జంతికలు, అరిసెలు దాచేది అందులోనే. అడ్డంగా కర్ర బిగిస్తే నీళ్ళ డబ్బా, రెండు కలిపితే కావడి. అడుగు తుప్పు పడితే మట్టి పోసి మొక్క వేసేవాళ్ళు. పక్కకి కంత చేసి రంపంపొట్టు కూరితే పొయ్యి. మరీ చితికిపోతే చదును చేసి పాకకి తడిక బదులు కొట్టేసేవాళ్ళు. మన తెలుగు ఇళ్ళల్లో ఆ డబ్బాకి ఇచ్చిన గౌరవం దాని సొంత కంపెనీ కూడా ఇచ్చి ఉండదు.

కానీ ఒక్క పనికి మాత్రం ఆ డబ్బా పనికిరాదు. దాన్ని లారీలో వేసుకుని, రోడ్డు లేని చోట, వందల మైళ్ళు తీసుకెళ్ళడానికి.

బ్రిటిష్ సైన్యం రెండో ప్రపంచయుద్ధంలో ఈజిప్టు, లిబియా ఎడారుల్లోకి సరిగ్గా ఆ డబ్బాతోనే దిగింది. నాలుగు గాలన్ల పల్చటి తగరపు రేకు డబ్బా. సైనికులు దాన్ని ఫ్లిమ్సీ అన్నారు, అంటే ఊదితే ఎగిరిపోయే రకం అని. చవక. మొదటిసారి వాడి పారేయచ్చు. ఆఫీసు కాగితాల మీద లెక్కేస్తే అద్భుతంగా ఉంటుంది. ఎడారిలో లారీ కుదుపులకి టంకం పెట్టిన అతుకులు విడిపోయేవి, చెక్కపెట్టె మేకులు గుచ్చుకునేవి, ఒకదానిమీదొకటి పేరిస్తే కిందది నలిగేది. ఎండకి లోపలి పెట్రోలు వ్యాకోచించి కారేది. ఓడ అడుగున వందల కొద్దీ పేర్చినప్పుడు కారిన పెట్రోలు ఆవిరి అక్కడే నిండేది. ఒక్క నిప్పురవ్వ చాలు. మధ్యప్రాచ్యంలో బ్రిటిష్ సేనాధిపతి ఆకిన్‌లెక్ వేసిన అంచనా ప్రకారం, డిపో నుంచి బయల్దేరిన పెట్రోల్లో సుమారు 30 శాతం బండి ట్యాంకు చేరకముందే పోయేది. అట్లాంటిక్ మీదా, ఆఫ్రికా కొస చుట్టూ తిరిగీ, జర్మన్ జలాంతర్గాముల్ని తప్పించుకుంటూ నావికులు ప్రాణాలకి తెగించి తెచ్చిన పెట్రోలు అది. మూడో వంతుకి దగ్గర దగ్గర ఇసక తాగేసింది. మన నాలుగో భారత డివిజను కూడా 1940 డిసెంబర్ నుంచి ఆ ఎడారిలోనే పోరాడింది, ఆ డబ్బాలతోనే.

విచిత్రమేమంటే, మన పల్లెటూళ్ళల్లో జరిగినట్టే అక్కడా ఆ డబ్బాకి రెండో జన్మ దొరికింది. ఖాళీ డబ్బాని సగానికి కోసి, ఇసక నింపి, దానిమీద కాస్త పెట్రోలు పోసి అగ్గిపుల్ల గీస్తే పొయ్యి. బెంగాజీ పొయ్యి అనేవాళ్ళు. మిగతా సగం టీ గిన్నె. మన రంపంపొట్టు పొయ్యికి దూరపు చుట్టం. అంటే ఆ డబ్బా పెట్రోలు మొయ్యడం తప్ప అన్ని పనులూ బాగానే చేసింది :)

ఇదే ఎడారిలో ఇంకో రకం మనుషులు కూడా ఉన్నారు. రాల్ఫ్ బాగ్నోల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1920ల చివరి నుంచే సెలవులు పెట్టుకుని, స్నేహితులతో కలిసి మామూలు ఫోర్డు కార్లలో లిబియా ఎడారి లోపలికి వెళ్ళొచ్చేవాడు. మనం వీకెండు ట్రిప్పులు వేసినట్టు. ఇసకలో దిగబడిన చక్రాల కింద వేసే ఉక్కు పట్టాలు, అయస్కాంతం అక్కర్లేని సూర్య దిక్సూచి, రేడియేటర్ నుంచి వచ్చే ఆవిరిని డబ్బాలోకి పట్టి మళ్ళీ నీళ్ళుగా మార్చే ఏర్పాటు, ఇవన్నీ ఆ ట్రిప్పుల్లో వాడి రాటుదేలినవే. ఇసక ఎలా కదులుతుందో 1941లో ఏకంగా ఒక భౌతికశాస్త్ర పుస్తకమే రాశాడు. 1940 జూలైలో ఆయన నడుంకట్టి లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ పెట్టాడు. శత్రువు వెనక వందల మైళ్ళ లోపలికి వెళ్ళి కనిపెట్టుకుని ఉండడం వాళ్ళ పని. 1942లో ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్ అని మన అశ్వికదళాల వాళ్ళతో కట్టిన దళం కూడా వాళ్ళతో కలిసి పనిచేసింది. వాళ్ళ అసలు ఆయుధం తుపాకీ కాదు, ముందుగానే ఇసకలో దాచి ఉంచిన పెట్రోలు నిల్వలు.

ఇక్కడో లెక్క చెప్పకుండా ముందుకెళ్ళలేను, క్షమించాలి, వృత్తి దోషం. దీన్ని జీప్ ప్రాబ్లమ్ అంటారు. 1947లో ఎన్.జె. ఫైన్ అనే గణితజ్ఞుడు దీనిమీద పేపరు రాశాడు. కానీ ఒంటె, ధాన్యం రూపంలో ఇది 8వ శతాబ్దపు ఆల్క్విన్ పేరు మీదున్న లెక్కల పుస్తకంలోనే ఉంది. బండి ఒక ఫుల్ ట్యాంకుతో 500 కిలోమీటర్లు పోతుందనుకోండి. బంకు మొదట్లో మాత్రమే ఉంది, అక్కడ ఎంత కావాలంటే అంత పెట్రోలు. దారిలో ఎక్కడైనా దించి దాచుకోవచ్చు, కానీ ఏ సమయంలోనైనా బండి మొయ్యగలిగింది ఒక్క ట్యాంకే. ఎంతదూరం పోవచ్చు? రెండు ట్యాంకుల పెట్రోలుంటే వెయ్యి కాదు, 667 కిలోమీటర్లే. మూడు ట్యాంకులకి 767. ఒకటి, దానికి మూడోవంతు, ఐదోవంతు, ఏడోవంతు కలుపుకుంటూ పోవాలి. వెయ్యి కిలోమీటర్లు దాటాలంటే ఎనిమిది ట్యాంకులు కావాలి. పదిహేను వందలకి 57 ట్యాంకులు! ఎందుకంటే పెట్రోలు మొయ్యడానికీ పెట్రోలే కావాలి. ముందు డంపు పెట్టి వెనక్కి ఖాళీగా రావాలి, మళ్ళీ వెళ్ళాలి.

ఇప్పుడు అదే బండికి వెనకాల 20 లీటర్ల డబ్బా తగిలించండి. లీటరుకి 15 ఇచ్చే బండైతే ఒక్క దెబ్బకి 300 కిలోమీటర్లు కలిశాయి, వెనక్కి రావలసిన పనే లేదు. ట్రిప్పులు పెంచితే దూరం లాగరిథమ్‌లా నత్తనడక నడుస్తుంది, మోసే శక్తి పెంచితే నేరుగా పెరుగుతుంది. అందుకే బండి మీద మోసే డబ్బా మంచిదా కాదా అన్నది చిన్న విషయం కాదు. 30 శాతం కారిపోయే డబ్బా అయితే ఈ లెక్క మొత్తం తలకిందులవుతుంది. కారిన ప్రతి లీటరునీ అక్కడిదాకా మోసుకురావడానికి ఇంకెన్ని లీటర్లు తగలబెట్టారో అది కూడా పోయినట్టే.

జర్మన్లు ఈ పని ఎలా చేశారో చూడండి. 1930ల్లోనే వాళ్ళ సైన్యం డబ్బా కోసం పోటీ పెట్టింది. ష్వెల్మ్ అనే ఊళ్ళోని మ్యూలర్ కంపెనీలో వింట్సెంజ్ గ్రూన్‌ఫోగెల్ అనే ఇంజనీరు చేసిన డిజైను 1937లో గెలిచింది. నాకు ఈ డిజైనులో నచ్చేది ఒక్కొక్క భాగం వెనకాల ఒక మనిషి కనిపించడం. మూడు పిడులెందుకు? నిండు డబ్బా సుమారు 20 కిలోలు, మధ్య పిడి పట్టుకుని ఒక్కడు మొయ్యచ్చు. ఖాళీ డబ్బాలైతే పక్క పిడుల్ని కలిపి ఒక చేత్తో రెండు పట్టుకోవచ్చు, రెండు చేతులా నాలుగు. లారీ దగ్గర వరసగా నిలబడి అందించుకునేటప్పుడు, ఇచ్చేవాడొక పిడీ తీసుకునేవాడొక పిడీ పట్టుకోవచ్చు, వేళ్ళు నలగవు. రేకుని రెండు సగాలుగా అచ్చు కొట్టి మధ్యలో వెల్డింగ్ చేశారు, ఆ అతుకు కూడా లోపలికి నొక్కి ఉంటుంది, దెబ్బ తగలకుండా. పక్కల ఉన్న ఇంటూ నొక్కు అందానికి కాదు. రేకుకి బలం, ఎండకి పెట్రోలు ఉబ్బినప్పుడు సాగడానికి చోటు. పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కితే 20 లీటర్లకి దాదాపు 400 మిల్లీలీటర్లు పెరుగుతుంది. అందుకే పైన పిడి కింద గాలి నిలిచే ఖాళీ వదిలారు. దానివల్ల నిండు డబ్బా నీళ్ళలో పడ్డా తేలుతుంది. మూత మర కాదు, మీట. చేత్తో ఒక్క నొక్కు నొక్కితే ఊడుతుంది, బిగుస్తుంది, డబ్బాకే అంటుకుని ఉంటుంది కాబట్టి ఎక్కడా పారేసుకోలేం. మూతి పొట్టిగా, లోపల గాలి గొట్టంతో ఉండడం వల్ల గడగడమని గుటకలెయ్యకుండా ధారగా పడుతుంది. గరాటు అక్కర్లేదు. లోపల పూత ఉండడంతో నీళ్ళకీ వాడచ్చు. నీళ్ళ డబ్బాకి పెద్ద తెల్ల క్రాసు వేసేవాళ్ళు, చీకట్లో దాహంతో ఉన్నవాడు పెట్రోలు తాగకుండా, తొందర్లో ఉన్న డ్రైవరు రేడియేటర్లో పెట్రోలు పొయ్యకుండా.

ఇప్పుడు కలకత్తా. పాల్ ప్లైస్ అనే అమెరికన్ ఇంజనీరు బెర్లిన్లో పనిచేసేవాడు. 1939 వేసవిలో ఒక జర్మన్ సహోద్యోగితో కలిసి కారులో ఇండియాకి వెళ్దామనుకున్నారు. ఆ కాలంలో అంత దూరం రోడ్డు ట్రిప్పు! బండి సిద్ధం చేసుకున్నాక చూసుకుంటే అవసరానికి నీళ్ళు పట్టుకెళ్ళడానికి ఏమీ లేదు. ఆ జర్మనుకి టెంపుల్‌హోఫ్ విమానాశ్రయంలో నిల్వ ఉంచిన కొత్త డబ్బాలు అందుబాటులో ఉన్నాయి. మూడు తెచ్చాడు. అంటే సైనిక రహస్యంగా దాచుకున్న డబ్బాలు, మంచినీళ్ళ కోసం కారుకెక్కాయి. పదకొండు దేశాల సరిహద్దులు దాటారు, ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత గోరింగ్ ఒక విమానం పంపించి మరీ జర్మన్ ఇంజనీరుని వెనక్కి పిలిపించాడు. వెళ్తూ వెళ్తూ ఆయన డబ్బా తయారీ కొలతలన్నీ ప్లైస్‌కి ఇచ్చేశాడు. ప్లైస్ ఒంటరిగా కలకత్తా చేరి, కారుని అక్కడ షెడ్డులో పెట్టించి, ఫిలడెల్ఫియా వెళ్ళిపోయాడు.

ఈ కథంతా ప్రధానంగా ఒక్కరు చెప్పింది. రిచర్డ్ డేనియల్ అనే ఆయన, యుద్ధకాలంలో అమెరికా నౌకాదళ రిజర్వులో పనిచేసిన ఇంజనీరు, 1987లో ఒక అమెరికన్ పత్రికలో రాసిన వ్యాసం. ఆ తర్వాత అందరూ దాన్నే తిరగరాశారు. విమానం పంపిన గోరింగ్ ఘట్టం మరీ సినిమా క్లైమాక్సులా ఉంటుందని నాకూ అనిపిస్తుంది. చదివేవాళ్ళు ఆ మేరకు ఉప్పు తగ్గించుకోవచ్చు. కానీ కథలో ఆ తర్వాతి భాగం నమ్మడానికి మాత్రం నాకు ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే అలాంటి మీటింగుల్లో నేనూ కూర్చున్నాను.

ప్లైస్ అమెరికా సైన్యం దగ్గరికెళ్ళి ఇలాంటి డబ్బా ఉందయ్యా అన్నాడు. శాంపిల్ ఏదీ అన్నారు. శాంపిల్ కలకత్తాలో కారులో ఉంది. దాన్ని తంటాలు పడి, చుట్టుతిరుగుడు దారిన న్యూయార్కు తెప్పించేసరికి 1940 వేసవి. ఒక డబ్బా వాషింగ్టన్ పంపాడు. వాళ్ళు చూసి, మొదటి ప్రపంచయుద్ధం నాటి తమ పాత డబ్బానే కొంచెం సవరిస్తే చాలని తేల్చారు. ఆ పాతదేమిటి? పది గాలన్లది, మరమూత, తియ్యడానికి పానా కావాలి, పొయ్యడానికి గరాటు కావాలి. తర్వాత ఆ శాంపిల్ మేరీలాండ్‌లోని క్యాంప్ హోలబర్డ్ చేరింది. అక్కడ మార్పులు చేశారు. పిడులు, సైజు, ఆకారం ఉంచారు. అతుకు మార్చారు, లోపలి పూత తీసేశారు, మీట మూత తీసేసి మరమూత పెట్టారు. మళ్ళీ పానా, మళ్ళీ గరాటు! చూడ్డానికి జెర్రీ క్యానే, కానీ జెర్రీ క్యానుని జెర్రీ క్యానుగా చేసినవన్నీ పోయాయి. పక్క కంపెనీ ప్రొడక్టు స్క్రీన్‌షాట్లు చూసి మనమూ అదే కట్టేద్దామన్న మేనేజరు ఎవరైనా గుర్తొస్తే అది మీ ఖర్మ, నా తప్పు కాదు.

ఎడారిలో రాత్రిపూట, లైటు వెయ్యకూడని చోట, చలికి కొంకర్లు పోయిన వేళ్ళతో పానా వెతుక్కునేవాడు ఆ డిజైను మీటింగులో లేడు. అసలు తేడా అంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

బ్రిటిష్ వాళ్ళు కొంచెం నయం. 1940లో నార్వేలో జర్మన్లతో తలపడ్డప్పుడు ఆ డబ్బాలు వాళ్ళ కంటబడ్డాయి. ప్లైస్ తన రెండో డబ్బాని లండన్‌కి విమానంలో తెప్పించి ఇచ్చాడని డేనియల్ రాశాడు. వాళ్ళు తెలివితేటలు చూపించకుండా ఉన్నదున్నట్టు కాపీ కొట్టారు. కానీ ఫ్యాక్టరీ లైన్లు పెట్టి, డబ్బాలు ఎడారి చేరడానికి ఏళ్ళు పట్టింది. ఈలోపు ఎయిత్ ఆర్మీ సైనికులు జర్మన్ల నుంచి పట్టుకున్న డబ్బాల్ని బంగారంలా దాచుకునేవాళ్ళు.

డేనియల్ 1942లో కైరోలో ఉన్నాడు. పెట్రోలు ఎలా వృథా అవుతోందో కళ్ళారా చూశాడు. మామూలు రిపోర్టు రాస్తే ఎవరూ చదవరు కదా, ఈజిప్టుకి పంపిన పెట్రోల్లో 40 శాతం ఒలికిపోయి, ఆవిరైపోయి పోతోందని వాషింగ్టన్‌కి ఒక కేబుల్ కొట్టించాడు. ఆ 40 శాతం లెక్కించి చెప్పింది కాదు, పైవాళ్ళని ఉలిక్కిపడేలా చెయ్యడానికి ఊహించి వేసిన అంకె అని తనే తర్వాత ఒప్పుకున్నాడు. వెంటనే జవాబొచ్చింది, నిజమేనా అని. అప్పుడు డిపోలు తిరిగి చూస్తే పరిస్థితి నిజంగానే ఘోరంగా ఉంది. నాకు ఆ మనిషి మీద కోపం రాదు. గాల్లో అంకె వెయ్యడం తప్పే. కానీ రెండేళ్ళుగా బల్ల మీద పడున్న అసలు శాంపిల్ కదిలించలేని ఆఫీసుని ఒక్క వాక్యం కదిలించిందంటే, తప్పు ఆ వాక్యం రాసినవాడిదొక్కడిదేనా?

ఆ తర్వాత మిత్రరాజ్యాల కోసం డబ్బాలు కోట్లలో తయారయ్యాయి. యుద్ధం ముగిసేసరికి దాదాపు 2 కోట్ల 10 లక్షలు యూరపంతా చెల్లాచెదురుగా ఉన్నాయంటారు. అయినా 1944 ఆగస్టు చివర్లో ప్యాటన్ సైన్యం ఫ్రాన్సులో పెట్రోలు లేక ఆగిపోయింది. సముద్రతీరం నుంచి ముందువరసకి సరుకు చేరవెయ్యడానికి ఆగస్టు 25న రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ మొదలుపెట్టారు. ఉచ్ఛస్థితిలో దాదాపు 6 వేల లారీలు, రాత్రింబగళ్ళు. డ్రైవర్లలో ముప్పాతిక వంతు నల్లజాతి సైనికులు. ఆ లారీలే రోజుకి 3 లక్షల గాలన్ల దాకా తాగేవి. జీప్ లెక్క గుర్తొచ్చిందా? పైగా ముందుకెళ్ళే సైనికులు ఖాళీ డబ్బాల్ని రోడ్డు పక్కన విసిరేసి పోయారు. తీరంలో పెట్రోలుంది, నింపడానికి డబ్బాల్లేవు. ఏరి తెచ్చిన ఫ్రెంచి పిల్లలకి బహుమతులిచ్చి డబ్బాల్ని వెనక్కి రాబట్టాల్సొచ్చింది. వాడి పారేసే ఫ్లిమ్సీకి అలవాటుపడ్డ ఆలోచన మంచి డబ్బా చేతికొచ్చాక కూడా పోలేదు.

ఆ లెక్కకి మన దేశంలో ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. 1944లో అమెరికన్లు ఖరగ్‌పూర్ చుట్టుపక్కల నుంచి బి-29 బాంబర్లని హిమాలయాల మీదుగా చైనా పంపి, అక్కణ్ణుంచి జపాన్ మీద దాడులు చేశారు. చైనాలో పెట్రోల్లేదు. ఒక్క దాడికి కావలసిన సరంజామా చేర్చడానికి సగటున ఆరుసార్లు హిమాలయాలు దాటి రావాల్సొచ్చేది. ఆ బాంబర్ కమాండ్ మకాం హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో. 1951లో మొట్టమొదటి ఐఐటీ మొదలైన భవనమూ అదే. ఆ వరండాల్లో తిరిగిన మన ఖరగ్‌పూర్ మిత్రులకి ఈ సంగతి తెలిసే ఉంటుంది, తెలియకపోతే ఈసారి రీయూనియన్‌లో చెప్పండి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్నామధ్య మా టీం కుర్రాళ్ళు లడఖ్ ప్లాన్ వేస్తూ, రేకు క్యాన్లకి డబ్బులెందుకు దండగ, రెండు లీటర్ల కూల్‌డ్రింకు బాటిళ్ళు పది నింపుకుందాం అన్నారు. చవక, వాడి పారేయచ్చు. ఫ్లిమ్సీ మళ్ళీ పుట్టింది! ఆ బాటిల్ మూత గ్యాసు కోసం చేసింది, ప్లాస్టిక్ శీతలపానీయం కోసం చేసింది. డిక్కీలో ఎండకి పెట్రోలు ఉబ్బుతుంది, పైకెక్కే కొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది, బాటిల్ బిగుసుకుంటుంది. కారేది సామాన్ల మధ్య, మనుషులు కూర్చునే బండిలో. మంచి క్యానైనా సరే, నింపేటప్పుడు బండిలోంచి దించి నేల మీద పెట్టి నింపాలి, స్థిర విద్యుత్తు నిప్పురవ్వ పుట్టకుండా. పూర్తిగా మెడదాకా నింపకూడదు. కొండ మీద మూత ఒక్కసారిగా కాకుండా మెల్లగా వదలాలి.

చట్టం ఏమంటుందని ఒక కుర్రాడు అడిగాడు. 1934 నాటి పెట్రోలియం చట్టంలో 8వ సెక్షన్ చూపించాను. అమ్మకానికి కాకుండా సొంతానికైతే 30 లీటర్ల దాకా పెట్రోలు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. 9వ సెక్షన్ ప్రకారం బండి ఉన్నవాళ్ళకి, ఆ బండి నడపడానికే అయితే, ట్యాంకులో ఉన్నది కాక 100 లీటర్ల దాకా. కానీ దేంట్లో అన్నది రెంటికీ ఒకటే: గట్టిగా మూత బిగించిన గాజు, పింగాణీ, లేదా లోహపు పాత్ర. గాజూ పింగాణీ అయితే ఒక్కోటి ఒక లీటరు మించకూడదు, లోహమైతే 25 లీటర్లు. జర్మన్ల డబ్బా పుట్టడానికి మూడేళ్ళ ముందు చేసిన చట్టం, ఆ డబ్బా ఇందులో హాయిగా పడుతుంది. కూల్‌డ్రింకు బాటిల్ ఏ వరసలో వస్తుందని వాడు ఆ సెక్షన్ని రెండుసార్లు చదివాడు.